దిండు ఫైలు

పరిశీలన గది, కేంద్ర కార్యాలయం
ఫిబ్రవరి 6

మరదలు పిల్లకి,

మీ ఆసుపత్రి సర్వర్‌లో డిస్క్ ఎనభై నాలుగు శాతం నిండింది. ఇది వదినగా చెప్తున్నాను. ఉద్యోగిగా చెప్పాల్సింది నిన్ననే "రికార్డింగ్ విభాగం ఇన్‌చార్జి గారికి" అని మర్యాదగా మెయిల్ చేశాను. నువ్వు చదివి ఉండవని నాకు తెలుసు.

నా గది నువ్వెప్పుడూ చూడలేదు కదా. ఒక గోడంతా స్క్రీన్లు. నలభై ఒక్క ఆసుపత్రుల సర్వర్లు నలభై ఒక్క గళ్లు. ఎనభై లోపుంటే ఆకుపచ్చ, దాటితే పసుపు, తొంభై దాటితే ఎరుపు. ఎవరింట్లో ఎంత చెత్త పేరుకుందో ఇంత దూరం నుంచి చూసి సాధించడమే నా ఉద్యోగం. మీ అన్నయ్యతో పదకొండేళ్లు కాపురం చేశాక ఈ పనికి వేరే శిక్షణ అక్కర్లేకపోయింది.

ఇక రూల్స్ విను. పేషెంటు నంబరు లేని ఫోల్డర్ ముప్పై రోజులు దాటితే నా ప్రోగ్రాం దానంతటదే తుడిచేస్తుంది. పెన్‌డ్రైవ్ పెట్టే చోట్లన్నీ మూయించేశాను, కాబట్టి ఇంటికి మోసుకుపోదామనుకోకు. మీ సర్వర్‌లో "దిండు" అని ఇరవై జీబీల ఫైలు ఒకటుంది. అదెందుకని అడక్కు, ముట్టుకోకు. అది నాది.

ఫోన్ చేస్తే ఎత్తవు కాబట్టి ఈ ఉత్తరం. ప్రతి శుక్రవారం మీ బ్యాకప్ టేపులు తాళం పెట్టెలో ఇక్కడికి వస్తాయి, మంగళవారం ఖాళీ టేపులు అక్కడికి పోతాయి. ఆ టేపుల సందులో ఈ కాయితం దూరుస్తున్నాను. జవాబూ అలాగే రాయి. లేకపోతే ఎరుపు రంగులోకి వచ్చిన రోజున నీ పేరు పెద్ద అక్షరాల్లో పైవాళ్లకి పంపిస్తాను.

మీ వదిన

*

రికార్డింగ్ గది, గొంతు ఆసుపత్రి
ఫిబ్రవరి 13

వదినా,

నీ ఉత్తరం చదివి మొత్తం గది ఊడ్చుకున్నాను. ఇంత దూరం నుంచి కూడా నువ్వు నా అల్మరా తలుపు తీసి తొంగిచూడగలవంటే ఆ గోడ నీకోసమే కట్టించి ఉంటారు.

నా పని ఏమిటో నీకు ఎనభై నాలుగు అనే అంకెగానే తెలుసు. మా దగ్గరికి వచ్చేవాళ్లకి స్వరపేటిక తీసేస్తారు. తీసేముందు వాళ్లు నా గాజు గదిలో కూర్చుని పదహారు వందల వాక్యాలు చదవాలి. ఆ తర్వాత చేతిలో ఇమిడే యంత్రం ఒకటి ఇస్తారు. వాళ్లు టైపు చేసింది అది వాళ్ల గొంతుతోనే పలుకుతుంది. ఆ పదహారు వందల వాక్యాలూ ఏదో కమిటీ కూర్చుని రాసింది. "దయచేసి ఆ గొడుగు ఇటు అందించండి." "మా పొరుగువారు మంచివారు." ఒక్క తిట్టు లేదు, ఒక్క విసుగు లేదు. మొన్న ఒక పెద్దావిడ "మా పొరుగువారు మంచివారు" అని చచ్చినా చదవనంది. అబద్ధం తన గొంతుతో నిల్వ ఉండటానికి వీల్లేదట. ఆ ఒక్క వాక్యం వదిలేశాం.

డిస్క్ నింపింది నేను కాదు. మా పెద్ద డాక్టర్ గారి సన్మానం వీడియో అందులో పెట్టారు. మూడు కెమెరాలు, నాలుగు గంటలు, నూట ఎనభై జీబీలు. నీ ప్రోగ్రాం తుడిచెయ్యకుండా దానికో పేషెంటు నంబరు కూడా వేశారు. ఆ లెక్కన ఆయనకిప్పుడు గొంతు క్యాన్సర్, మూడో దశ. వీడియోలో మాత్రం ఆపకుండా గంటా పది నిమిషాలు మాట్లాడాడు.

ఫోన్ సంగతి అంటావా, గాజు గదిలోకి ఫోన్ తేకూడదు. బయటికొచ్చేసరికి మాట్లాడే ఓపిక ఉండదు.

ఊరికే అడుగుతున్నాను, ఆ దిండు ఫైలుని మీరెప్పుడైనా తెరిచి చూస్తారా?

నీ మరదలు

*

పరిశీలన గది
ఫిబ్రవరి 17

అమ్మాయ్,

ముట్టుకోవద్దన్నదాని మీదే నీకు మనసు పోతుందని నేననుకుంటూనే ఉన్నాను. దాన్ని ఎవరూ తెరవరు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నా ప్రోగ్రాం వెళ్లి పేరు సరిగ్గా ఉందా, సైజు సరిగ్గా ఉందా అని చూసి వస్తుంది, అంతే. మీ సర్వర్ మొత్తంలో ఎవరూ వేలు పెట్టని చోటు అదొక్కటే. అది ఎందుకో మాత్రం చెప్పను. బ్రాంచీల వాళ్లకి చెప్పకూడదని రూల్. ఆ రూల్ రాసింది కూడా నేనే.

మీ పెద్ద డాక్టర్ వీడియో గురించి పైకి రాశాను. "శాఖాధిపతి గారి ఫైళ్ల విషయంలో విచక్షణ పాటించగలరు" అని జవాబొచ్చింది. అంటే నోరు మూసుకోమని. మీది ఈ రోజు ఎనభై తొమ్మిది.

నువ్వు నా మీద అలిగావని మీ అన్నయ్య అంటున్నాడు. పోయినసారి ఇంటికొచ్చినప్పుడు "ఏమిటే ఆ గొంతు, కాకి కూడా సిగ్గుపడుతుంది" అన్నానని, మర్నాడే బట్టలు సర్దుకుని వెళ్లిపోయావని. నేనేదో సరదాకి అన్నాను. ఇంతకంటే పెద్ద మాటలే అనుకున్నాం కదా మనం. నిజంగా దానికే అలిగితే చెప్పు, ఇంకోటి కొత్తది వెతుకుతాను.

మీ వదిన

*

రికార్డింగ్ గది
మార్చి 6

వదినా,

అలగలేదు. నీ మాటలకి అలగాలంటే నాకు ఉద్యోగం మానేసి తీరిగ్గా కూర్చోవాలి. కాకి మాట బాగానే ఉంది. మార్చకు.

పనిలో పడి మూడు వారాలు రాయలేదు. ఏప్రిల్లో పది రోజులు సెలవు పెట్టాను. ఎక్కడికని అడక్కు. కొన్నాళ్లు ఎవరితోనూ మాట్లాడకుండా ఉండాలనిపించింది. "మా చెల్లెలు మాట్లాడకుండానా?" అని అన్నయ్య నవ్వుతాడు, నవ్వనీ.

నీకు తొంభై రెండు కనిపిస్తోందని తెలుసు. పాత పేషెంట్ల రికార్డింగులు కొన్ని టేపుల్లోకి ఎక్కించి ఇక్కడ తీసేస్తున్నాను. కానీ నేను ఒకవైపు తోడుతుంటే ఇంకోవైపు సన్మానం రెండో భాగం వచ్చి పడింది. పెద్ద డాక్టర్ గారికి ఎవరో శాలువా కప్పుతుంటే తీసిన వీడియో. ఒకే శాలువా, మూడు కోణాల్లో.

నీ ప్రోగ్రాం పొద్దునా సాయంత్రం దిండు దగ్గరికి వెళ్లి వస్తోందా? అంతా సరిగ్గానే ఉందంటోందా?

మరదలు

*

పరిశీలన గది
మార్చి 24

మరదలు పిల్లా,

ముందు నాకో దండం పెట్టు, తర్వాత చదువు.

శుక్రవారం మధ్యాహ్నం మీ గడి తొంభై ఏడు. నేను నీళ్లు తాగి వచ్చేలోపు తొంభై తొమ్మిది. నీ దగ్గర్నుంచి మెసేజ్: "డిస్క్ నిండిపోయింది. పేషెంటు గదిలో ఉన్నాడు. రేపే ఆపరేషన్. ఏదైనా తుడవండి. వెంటనే." ఇన్నేళ్లలో నువ్వు నన్ను బతిమాలడం అదే మొదటిసారి. ప్రింటు తీసుకుని దాచుకుందామనుకున్నాను.

ఇప్పుడు చెప్తున్నాను, దిండు ఎందుకో. అది ఉత్త ఫైలు. లోపల ఏమీ ఉండదు, సున్నాలు. మేమే కావాలని ఇరవై జీబీల చోటు అలా ఆక్రమించి పెడతాం. డిస్క్ ఊపిరాడక కొట్టుకునే రోజున దాన్ని తీసేస్తే కాస్త గాలి ఆడుతుంది. ఏం తుడవాలి, ఎవరిని అడగాలి అని తడుముకోనక్కర్లేదు. బ్రాంచీల వాళ్లకి చెప్పామనుకో, మొదటి రోజే దాన్ని తీసేసి "మాకింకా చోటుందండీ" అంటారు. అందుకే చెప్పం.

ఒక్క నొక్కు నొక్కాను. తొంభై తొమ్మిది కాస్తా తొంభై ఐదు. నీ పేషెంటు ఏ వాక్యం దగ్గర ఉన్నాడో ఆ వాక్యం కూడా తెగలేదు. బస్సు కండక్టరటగా? పదహారు వందలూ పూర్తి చేశాడని నీ కింద పనిచేసే అమ్మాయి రాసింది. మెసేజ్ వచ్చాక నేను తీసుకున్న సమయం నలభై సెకన్లు. మా పైఅధికారి అభినందన పత్రం ఇచ్చాడు. గోడకి అంటించాను, స్క్రీన్ల పక్కన.

నువ్వు మాత్రం ఒక్క మాట కూడా రాయలేదు. ఎప్పుడూ ఎడతెగకుండా వాగేదానివి, థాంక్స్ చెప్పాల్సి వచ్చేసరికి గొంతు పడిపోయిందా?

మీ వదిన

*

రికార్డింగ్ గది
మార్చి 27

వదినా,

అవును, పడిపోయింది.

డిసెంబరులో తెలిసింది. నువ్వు కాకి అన్నది అప్పటికి రెండు వారాల ముందు. నా స్వరపేటిక తీసేస్తారు. ఏప్రిల్ 1, బుధవారం. సెలవు దానికే. ఫోన్ ఎత్తనిది కూడా దానికే. ఒక్క "హలో" అంటే నీకు తెలిసిపోతుంది, నీకు తెలిస్తే అన్నయ్యకి తెలుస్తుంది. వాడు ఆపరేషన్ దాకా రోజూ ఏడుస్తూ కూర్చుంటాడు, నేను వాణ్ణి ఓదార్చాలి. నాకంత ఓపిక లేదనిపించింది.

గొంతు ఇంకా కాస్తయినా పలుకుతున్న రోజుల్లో, అంటే జనవరి చివర్లో, నేనే గాజు గదిలో కూర్చుని నన్ను నేను రికార్డు చేసుకున్నాను. పదహారు వందలూ చదివాను. అవి కాక నావి కొన్ని. అన్నయ్యని పిలిచేవి, విసుక్కునేవి, ఊరికే నవ్వేవి. నిన్ను తిట్టడానికి విడిగా రెండు వందలు రాసుకున్నాను, అవి అన్నిటికంటే బాగా కుదిరాయి. పేషెంటు నంబరు వేసుకుంటే నీ స్క్రీన్ మీద నా పేరు కనిపిస్తుంది. వేసుకోకపోతే ముప్పై రోజులకి నీ ప్రోగ్రాం తుడిచేస్తుంది. పెన్‌డ్రైవ్ పెట్టే చోటు నువ్వే మూయించావు. ఎవరూ వేలు పెట్టని చోటు ఒక్కటే ఉందని నువ్వే రాశావు. దిండు తీసేసి అదే పేరుతో నా రికార్డింగులన్నీ కలిపి కట్టి పెట్టాను. సైజు కాస్త తక్కువైతే నాలుగు గంటల ఫ్యాను చప్పుడు కలిపాను. నీ ప్రోగ్రాం రోజూ రెండుసార్లు వచ్చి అంతా సరిగ్గా ఉందని చూసి వెళ్లింది.

"ఏదైనా తుడవండి" అన్నది నేనే. సన్మానం తుడుస్తావనుకున్నాను.

ఇప్పుడు మళ్లీ చదువుదామని కూర్చున్నాను. మూడో వాక్యానికి రక్తం వచ్చింది. నాకు భయంగా ఉంది వదినా. కోపంగా కూడా ఉంది, అది నీ మీదే.

*

పరిశీలన గది
మార్చి 30

అమ్మా,

నీ ఉత్తరం పొద్దున తొమ్మిదింటికి టేపుల మధ్య దొరికింది. ఇప్పుడు సాయంత్రం ఐదు. ఈ ఎనిమిది గంటల్లో నేను చేసినవి చెప్తాను. డిస్క్ లోపల తుడిచిన చోటికి వెళ్లి వెతికాను. దాని మీద కొత్త రికార్డింగులు ఎక్కేశాయి, అక్కడ బస్సు కండక్టర్ ఉన్నాడు. "దయచేసి ఆ గొడుగు ఇటు అందించండి" అంటున్నాడు. అతని తర్వాత శాలువా ఉంది. బ్యాకప్ టేపులు జనవరి నుంచి అన్నీ తిప్పాను. పేషెంటు నంబరు లేని ఫోల్డర్లు టేపులకి ఎక్కవు, ఏ టేపులోనూ దిండు కూడా లేదు. ఖాళీ ఫైలుకి టేపు దండగ అని దాన్ని బ్యాకప్ నుంచి తీయించింది నేనే. ఆ కాయితం మీద సంతకం నాదే, ముచ్చటగా గుండ్రంగా ఉంది.

డబ్బా కొట్టుకుంటూ రాశాను కదా, నలభై సెకన్లని. పైఅధికారి మెచ్చుకున్నాడని. అభినందన పత్రం చింపబోయాను, చింపలేదు. రోజూ కనిపించాలి నాకది.

తెరిచి చూస్తే తెలిసేది. ఒక్కసారి చూసి ఉంటే చాలు. పేరు, సైజు చూస్తే చాలనుకున్నాను. నీ గొంతు మారిందని నా చెవులకి తెలిసింది, దాన్ని కూడా కాకి అని నవ్వి వదిలేశాను.

మీ అన్నయ్యకి చెప్పాను. నువ్వన్నట్టు ఏడవలేదు. చొక్కా వేసుకుని సంచి సర్దుకున్నాడు. ఈ కాయితం ఆయన చేతికే ఇస్తున్నాను. నేను రావడం లేదు. నీకెదురుగా నిలబడే ముఖం నాకు లేదు.

వదిన

*

వార్డు, కిటికీ పక్క మంచం
ఏప్రిల్ 10

వదినా,

బతికే ఉన్నాను. మెడలో కన్నం పెట్టారు, ఊపిరి అందులోంచి. దగ్గితే ఈల వేసినట్టు ఉంటుంది. అన్నయ్య మొదటి రెండు రోజులు ప్రతి ఈలకీ లేచి నిలబడ్డాడు, ఇప్పుడు అలవాటు పడ్డాడు.

ముఖం లేదని రాశావు. నలభై ఒక్క ఆసుపత్రుల్ని సాధించే దానికి నా ముందు నిలబడటానికి ముఖం కరువైందా? నేను ఎదురు మాట కూడా అనలేను ఇప్పుడు. నీకింతకంటే మంచి అదను ఎప్పుడు దొరుకుతుంది?

యంత్రం తెచ్చిచ్చారు. సొంత గొంతు లేనివాళ్లకి కంపెనీ గొంతులు నాలుగున్నాయి. ఒకటి విమానంలో బెల్టు పెట్టుకోమనే అమ్మాయి. రెండోది చిన్నపిల్లల పాఠాలు చెప్పే టీచరు, ప్రతి మాటకీ నన్ను మెచ్చుకుంటున్నట్టు ఉంటుంది. మూడోది మగవాడు. నాలుగోది ఎవరో తెలీదు కానీ నిద్రలో మాట్లాడుతోంది. టీచరు గొంతుతో నర్సుని మంచినీళ్లు అడిగాను. ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయింది, నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఏడుపుకి కూడా చప్పుడు రావడం లేదు. తర్వాత యంత్రం సొరుగులో పడేశాను. పలక మీద రాసి చూపిస్తున్నాను.

పెద్ద డాక్టర్ గారు రౌండ్స్‌కి వచ్చారు. "చాలా ధైర్యవంతురాలివి" అని పది నిమిషాలు మాట్లాడారు. ఆయన గొంతు క్షేమంగా ఉంది. మూడు కోణాల్లో ఉంది.

మరదలు

*

రికార్డింగ్ గది, గొంతు ఆసుపత్రి
ఏప్రిల్ 29

మరదలు పిల్లా,

పై చిరునామా చూసి ఉలిక్కిపడకు. నువ్వున్న వార్డుకి రెండంతస్తుల కింద, నీ గాజు గదిలో, నీ కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. తొమ్మిది రోజులుగా ఇక్కడే ఉన్నాను. మీ అన్నయ్యకి తెలుసు, చెప్పొద్దన్నాను. దాచడం నీ ఒక్కదానికే చేతనవుతుందా?

ఇంకొకరి గొంతు కూడా ఆ యంత్రంలో పెట్టొచ్చని నీ కింద పనిచేసే అమ్మాయి చెప్పింది. నీ గొంతు పోగొట్టాను, నా దగ్గర ఇంకోటి ఉంది. ఇచ్చేంత గొప్పదేం కాదు. పదహారు వందలూ చదివాను. "మా పొరుగువారు మంచివారు" దగ్గర నవ్వొచ్చి మూడుసార్లు తెగింది. ఆ అమ్మాయి నీకంటే కఠినం. "మేడం, ఆజ్ఞ వేసినట్టు చదవకండి, గొడుగు అడుగుతున్నారు మీరు" అంది.

నన్ను తిట్టే రెండు వందల వాక్యాలు నీ సొరుగులో కాయితాల మీద దొరికాయి. అవీ చదివాను. ఒక్కటీ వదల్లేదు. "అంకెల్లో తప్ప మనుషుల్ని చూడలేవు నువ్వు" అన్నది మాత్రం రెండో ప్రయత్నానికి గానీ రాలేదు.

ఈసారి పేషెంటు నంబరు వేశాం, నీ పేరు వేశాం. చోటు కోసం సన్మానం రెండు భాగాలూ తుడిచేశాను. విచక్షణ పాటించలేదు. మెమో ఇచ్చారు, సంజాయిషీ అడిగారు. వెళ్లాక అభినందన పత్రం పక్కనే అంటిస్తాను, గోడ నిండుగా ఉంటుంది.

నచ్చకపోతే వాడకు. టీచరు గొంతే నయమనిపిస్తే అదే వాడుకో. నా గొంతు నీకు నచ్చాలని ఎవరూ అనరు, పదకొండేళ్లుగా నచ్చలేదు కదా. ఒక్కటి మాత్రం అడుగుతాను. క్షమించావా?

వదిన

*

వార్డు, కిటికీ పక్క మంచం
మే 8

వదినా,

ఇన్నాళ్లకి నీ గొంతు నేను చెప్పినట్టు వింటోంది. దీనికోసమైనా ఆపరేషన్ ముందే చేయించుకోవాల్సింది.

మొదటి రోజు "ఇక్కడ టీ ఎవరైనా పెడతారా?" అని నొక్కాను. అన్నయ్య వరండాలోంచి "వస్తున్నానే, వస్తున్నా" అంటూ పరిగెత్తుకొచ్చాడు. గుమ్మంలో ఆగి నన్ను చూశాడు, యంత్రాన్ని చూశాడు, కుర్చీలో కూలబడ్డాడు. "ఇక నాకు ఈ జన్మలో విశ్రాంతి లేదు" అన్నాడు. నవ్వాను. నవ్వితే ఈల వచ్చింది. అప్పటినుంచి రోజూ వాడికి నీ గొంతుతో పని పురమాయిస్తున్నాను, నా గొంతుకి ఎప్పుడూ ఇంత తొందరగా లేవలేదు. పెద్ద డాక్టర్ గారు సన్మానం గురించి బాధపడుతూ వచ్చారు. "మూడు కెమెరాలు పెట్టినా మీరే మిగిలారు కదండీ" అని నొక్కాను. నీ గొంతులో అది చాలా గౌరవంగా వినిపించింది. ఆయన థాంక్స్ చెప్పి వెళ్లాడు.

రెండు వందల తిట్లు ఒక్కొక్కటీ విన్నాను. ఇంత శ్రద్ధగా నిన్ను నువ్వు తిట్టుకోగలవని తెలిస్తే నేను అంత కష్టపడి రాసేదాన్ని కాదు.

క్షమించావా అని అడిగావు. "లేదు వదినా" అని టైపు చేసి నొక్కాను. నీ గొంతు అంది. ఎలాగో ఉంది. మళ్లీ నొక్కాను. నేను నీతో అంటున్నట్టు లేదు, ఒక గదిలో ఒంటరిగా కూర్చుని నువ్వు నీకే చెప్పుకుంటున్నట్టు ఉంది. మార్చి 30 నుంచి నువ్వు చేస్తున్న పని అదేనని, అన్నం కూడా సరిగ్గా తినడం లేదని అన్నయ్య అన్నాడు. ఆ తర్వాత మూడోసారి నొక్కలేకపోయాను. యంత్రంలోంచి ఆ వాక్యం తీసేశాను.

ఆ మాట అనే హక్కు నాది. నువ్వు అనుకోవడం మానెయ్, అన్నం తిను. అనాల్సినప్పుడు నేనే అంటాను, నా చేతిరాతతో, ఇలాగ: లేదు వదినా. ఇంకా లేదు.

మరదలు